గర్భసంచి లేకుండా పుట్టే ఆడపిల్లల మాట ఎత్తేదెవరు?

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మహిళల ఆరోగ్య అవగాహన సదస్సు వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుట పడటం లేదు. ఏ అధికారి ఏ వరసలో కూర్చున్నారో కూడా రాశారు. మాట్లాడినవి మాత్రం ఎప్పటివే: రక్తహీనత, శుభ్రత, క్యాన్సర్. అవీ కావాల్సినవే. కానీ పదహారేళ్లొచ్చినా పెద్దమనిషి కాని పిల్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదా?

ఎంఆర్‌కేహెచ్ సిండ్రోమ్ అనే పుట్టుకలోపం ఉంది. సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి గర్భసంచి ఏర్పడదు, లేదా ఎదగదు. యోనిమార్గం కూడా పూర్తిగా ఏర్పడదు. అండాశయాలు బాగానే ఉంటాయి కాబట్టి ఒళ్లు వయసుకు తగ్గట్టే ఎదుగుతుంది. అందుకే తల్లికి అనుమానం రాదు, "ఈరోజో రేపో అవుతుందిలే" అనుకుంటుంది.

ఆదోని వైపు పల్లె బడుల్లో పనిచేసినప్పుడు ఇలాంటి పిల్లను దగ్గరగా చూశాను. ఆర్‌ఎంపీ నెలసరి రావడానికని నెలల తరబడి మాత్రలు మింగించాడు. లేని గర్భసంచికి మాత్రలేం చేస్తాయి? తర్వాత తాయెత్తులు, మొక్కులు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగైనా తీయకుండా "పెళ్లి చేయండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. చేశారు. ఏడాది తిరక్కుండానే అత్తింటివాళ్లు పుట్టింట్లో దింపి వెళ్లారు. ఊళ్లో ఆ పిల్లను ఏమేమన్నారో ఇక్కడ రాయలేను. అప్పటికి గానీ ఎవరూ స్కానింగ్ తీయించలేదు.

ఈ లోపం ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మూత్రపిండాల్లోనూ తేడాలుంటాయి. కొందరికి ఒకే కిడ్నీ ఉంటుంది. తెలియకపోతే ఎంత ప్రమాదం! దాంపత్య జీవితానికి వైద్యముంది, చాలామందికి ఆపరేషన్ కూడా అక్కర్లేదు. గర్భసంచి లేని వివాహితకు వేరే మహిళ గర్భంలో బిడ్డను పెంచే దారి 2021 సరోగసీ చట్టం కింద ఉంది. స్వీడన్‌లో ఇలా గర్భసంచి లేకుండా పుట్టిన మహిళ, గర్భసంచి మార్పిడి చేయించుకుని 2014లో బిడ్డను కన్నది. ఈ కబుర్లు మన పల్లెలకు చేరేదెప్పుడు?

పిల్లల్లో పుట్టుకలోపాలు, జబ్బుల లాంటివి కనిపెట్టడానికే 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలందరూ దాని కిందికే వస్తారు. నేను చూసినంతలో బడికొచ్చిన వైద్య బృందాలు ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూసి రిజిస్టరు నింపుకుని పోయేవారు. గుంటూరు మిరప కోతలకు వలసపోయిన ఇళ్ల పిల్లలైతే ఆ రోజు బడిలోనే ఉండరు. ఆశా కార్యకర్తలను అనడానికి నోరు రాదు. సర్వేలు, యాప్‌లో ఎక్కించే లెక్కలు వాళ్లకు ఊపిరి సలపనివ్వవు. ఆ లెక్కల్లో ఈ పిల్లలకొక గడి పెట్టాలన్న ఆలోచన మాత్రం పైనున్న ఏ అధికారికీ రాదు.

అధికారులను కోరేదొకటే: "పదిహేనేళ్లు నిండినా నెలసరి రాని పిల్ల ఇంట్లో ఉందా?" అని ఇంటింటా అడిగించండి. ఉంటే పెళ్లి మాటకు ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో గైనకాలజిస్టుకు చూపించి అల్ట్రాసౌండ్ తీయించండి. మీ పత్రిక కూడా సదస్సు ఫొటోలకిచ్చే చోటులో సగం దీనికిచ్చి, కర్నూలులోని స్త్రీవైద్య నిపుణుల చేత తల్లులకు అర్థమయ్యే తెలుగులో రాయించాలని కోరుతున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఆదోని, కర్నూలు జిల్లా