ఖాళీ సీసా తెస్తే ఊరగాయ నింపి ఇవ్వరా?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది అనంతపురం పాతూరు. పోయిన వారం మా వీధి మలుపులో చెత్తకుప్ప దగ్గర ఒక ఆవు కాలు కుంటుతా నిలబడి ఉంటే దగ్గరికి పోయి చూశాం, గిట్ట సందులో గాజుపెంకు దిగి ఉంది. పక్కనే పగిలిన జామ్ సీసా, అంటించిన కాగితం కూడా ఊడలేదు. ఆ పెంకు తీసే దాకా నాకు మనసు మనసులో లేదు. రోజూ అక్కడ చేతులతో చెత్త ఎత్తే అక్కలకు ఇట్లాంటివి ఎన్ని గుచ్చుకుంటాయో! అదే సీసా మా ఇంట్లో ఉంటే కనీసం పదేళ్ళు పనికొచ్చేది.

మా అమ్మ కాలంలో హార్లిక్స్ సీసా ఖాళీ అయిందంటే దాన్ని ఎవరు తీసుకోవాలా అని ఇంట్లో మాటామాటా వచ్చేది. వాటిలో రెండు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి, ఒకదాంట్లో ఆవాలు, ఇంకోదాంట్లో మెంతులు. ప్లాస్టిక్ డబ్బాలో ఒకసారి ఊరగాయ పెడితే ఎన్నిసార్లు తోమినా ఆ నూనె జిడ్డు, ఆ వాసన పోవు. గాజు ఏదీ పీల్చుకోదు, పులుపుకు కరగదు. హిందూపురం నుంచి ఏడాదికి సరిపడా తెప్పించుకునే చింతపండును నేను కల్లుప్పు చల్లుకుంటా పెద్ద గాజు సీసాల్లోనే కూరుతాను, రేకు డబ్బాలో పెడితే ఆ పులుపు డబ్బానే తినేస్తుంది.

అట్లని ఏ సీసాలో పడితే ఆ సీసాలో ఏది పడితే అది పెట్టకూడదు. నేను చేసిన తప్పే చెప్తాను. నాలుగేళ్ళ కింద రేకుమూత ఉన్న కాఫీపొడి సీసాలో నిమ్మకాయ ఊరగాయ పెట్టి మూడు నెలల తర్వాత తీస్తే, మూత లోపలి పూత పొరలుగా లేచిపోయి, అంచు చుట్టూ తుప్పు, ఆ తుప్పు కారి పై ముక్కలన్నీ నల్లబడి ఉన్నాయి. యాభై కాయల ఊరగాయ మొత్తం పారబోశాను. గాజు బాగానే ఉంది, చెడింది మూత. అప్పటినుంచి రేకుమూత సీసాల్లో శెనక్కాయల పొడి, కందిపొడి లాంటి పొడివే పెడుతున్నా. ఉప్పూ పులుపూ ఉన్నవాటికి ప్లాస్టిక్ మూతో గాజు మూతో ఉండాలి, లేదంటే నూలుగుడ్డతో వాసెన కట్టాలి.

ఇంకో సంగతి, వెలుతురు. పింగాణీ జాడీలోకి వెలుతురు పోదు, గాజు సీసాలోకి పోతుంది. కిటికీ పక్కన అందంగా పేర్చిన సీసాల్లో కారం రంగు వెలిసిపోతుంది, నూనె పాతబడ్డ వాసన కొడుతుంది. అందుకే అల్మారా కింది అరలో, చీకట్లో పెట్టుకోవాలి. సీసాను కాచేటప్పుడు గిన్నె అడుగున గుడ్డ వేసి, చన్నీళ్ళలోనే పెట్టి మెల్లగా మరగనిచ్చి, పది నిమిషాలు ఉంచి, ఎండలో తడి లేకుండా ఆరబెట్టాలి. మరిగే నూనె ఒక్కసారిగా పోస్తే పటేలుమని పగులుతుంది. మూత బిగిస్తే చాలు ఏదైనా నిలవ ఉంటుందనుకోవడం కూడా చాలా ప్రమాదం, ముఖ్యంగా పచ్చి వెల్లుల్లిని పులుపు లేకుండా ఒట్టి నూనెలో ముంచి బయట పెట్టకండి. గాలి ఆడని చోట బొట్యులినం అనే సూక్ష్మజీవి విషం పుట్టిస్తుంది, రంగు, వాసన మారకపోయినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇక నేను ఈ ఉత్తరం రాస్తున్న అసలు కారణం. మొన్న ఊళ్ళో ఒక ఊరగాయల అంగడికి కడిగిన సీసా తీసుకుపోయి, "అన్నా, దీంట్లో అరకేజీ గోంగూర వెయ్" అంటే, "లేదక్కా, మావి ప్యాకెట్లే" అన్నాడు. తూకం కుదరదంట. ఖాళీ సీసాను కాటా మీద పెట్టి సున్నా చేసుకుంటే ఎందుకు కుదరదు? గానుగ దగ్గరికి క్యాను తీసుకుపోతే శెనక్కాయ నూనె పోసి ఇవ్వడం లేదా? 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతటా నిషేధించారు గానీ ఆ జాబితాలో ఊరగాయ ప్యాకెట్ లేదు, కాబట్టి అంగళ్ళవాళ్ళు తమంతట తామే మొదలుపెట్టాలి. తేనె, నెయ్యి అమ్మేవాళ్ళు కూడా ఖాళీ సీసాలు వెనక్కి తీసుకుని ఐదో పదో తగ్గిస్తే ఎవరూ పారేయరు.

పాత సామాన్లు కొనేవాళ్ళు సీసాలంటే మొహం తిప్పుకుంటారు, బరువెక్కువ, వచ్చేది తక్కువ. గాజును ఎన్నిసార్లు కరిగించినా నాణ్యత తగ్గదు కాబట్టి, తడిచెత్త, పొడిచెత్త అడుగుతున్నట్టే మన నగరపాలక సంస్థ వారు వారానికి ఒకరోజు గాజుకు వేరే పెట్టె తెస్తే బాగుంటుంది. పగిలినవి కాగితంలో చుట్టి అందులో వేస్తాం.

ఈ వేసవికి నా దగ్గర పదకొండు సీసాలు కడిగి, ఆరబెట్టి సిద్ధంగా ఉన్నాయి. నింపి ఇస్తామని ఏ అంగడివాళ్ళు ముందుకొచ్చినా, మా వీధి ఆడవాళ్ళమంతా సీసాలు తీసుకుని అక్కడికే వస్తాం.

– ఒక గృహిణి, పాతూరు, అనంతపురం