పాత ఇంట్లో కాపురం ఉండేవాళ్లకి కూడా రాయితీ ఇవ్వాలి కదా

ఎడిటర్ గారికి నమస్కారం,

చారిత్రక కట్టడాలు బాగు చేయించేవాళ్లకి టాక్సులో రాయితీ ఇవ్వాలని మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివానండి, బాగుంది, కానీ ఆ రాయితీ చివరికి ఎవరి చేతికి వెళ్తుందో అందులో ఎక్కడా లేదు, నా గొడవంతా దాని గురించే.

అమెరికానే చూడండి. ఈ ప్రోత్సాహకాలు అక్కడ 1976లోనే మొదలయ్యాయి, 1986 నుంచి రేటు 20 శాతం, అంటే రూల్స్ ప్రకారం వంద డాలర్లు ఖర్చు పెడితే కట్టాల్సిన పన్నులోంచి నేరుగా ఇరవై డాలర్లు కొట్టేస్తారు. వినడానికి భలే ఉంది. కానీ ఆ బిల్డింగ్ ఆదాయం తెచ్చేది అయ్యుండాలి, హోటలో ఆఫీసో అద్దెకిచ్చిన ఇల్లో. తాత కట్టిన ఇంట్లో మనవడే ఉంటూ కారుతున్న కప్పు బాగు చేయించుకుంటే ఈ కేంద్ర రాయితీ అస్సలు రాదు (కొన్ని రాష్ట్రాలు సొంతంగా ఇస్తాయనుకోండి, అది వేరే సంగతి). పైగా 2017లో వచ్చిన పన్ను చట్టం తర్వాత ఆ ఇరవై శాతం కూడా ఒకేసారి రాదు, ఐదేళ్ల మీద పంచి ఇస్తారు. మేస్త్రీ ఐదేళ్లు ఆగుతాడా?

జర్మనీ వాళ్లు ఈ విషయంలో నయం. సొంతానికి వాడుకునే ఇంటికైనా సరే, రక్షిత కట్టడం అయితే అర్హత ఉన్న ఖర్చులో ఏటా 9 శాతం చొప్పున పదేళ్లు ఆదాయంలోంచి తీసేసి చూపించుకోవచ్చు. కాకపోతే పని మొదలుపెట్టకముందే కట్టడాల రక్షణ ఆఫీసుతో మాట్లాడుకోవాలి. ఈ షరతు చూసి చాలామంది విసుక్కుంటారు గానీ నాకైతే అదే నచ్చింది, ఎందుకంటే పాత సున్నం గోడ మీద సిమెంట్ ప్లాస్టరింగ్ కొట్టేస్తే లోపలి తేమ బయటికి రాలేక గోడే పాడవుతుంది, అలాంటి పనికి రాయితీ ఇస్తే ప్రభుత్వమే డబ్బులిచ్చి గోడని పాడు చేయించినట్టు.

బ్రిటన్‌ది ఇంకా విచిత్రం. కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా, ఉన్న ఇంటికి రిపేర్ చేస్తే మామూలుగా 20 శాతం. 2012 అక్టోబర్ దాకా రక్షిత ఇళ్లల్లో అనుమతి తీసుకుని చేసే మార్పులకి కూడా సున్నాయే ఉండేది, రిపేర్లకి మాత్రం అప్పుడూ పన్నే. అంటే అప్పట్లో ఉన్న కిటికీ బాగు చేయిస్తే పన్ను, పర్మిషన్ తెచ్చుకుని మార్చేస్తే లేదు!

ఇంకోటి, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లలో చాలామందికి అసలు కట్టే పన్నే ఉండదు, ఇంక అందులో తగ్గించేదేముంది? అలాంటివాళ్లకి ఆ మొత్తం నగదుగానే ఇవ్వాలి, అదీ బిల్లులన్నీ కట్టాక కాదు, పని సగంలో ఉండగానే కొంత ఇస్తే అప్పు చేయకుండా కప్పు పూర్తవుతుంది. ఈసారి ఈ విషయం మీద రాసేటప్పుడు హోటళ్ల యజమానులతో పాటు ఇలాంటివాళ్లని కూడా అడిగి రాయండి.

ఇట్లు
మీ పాఠకురాలు