మా అంగన్‌వాడీ క్రెష్ కోసం తిరిగిన అందరికీ కృతజ్ఞతలు

బస్తీ మహిళా సంఘం తరఫున అందరికీ నమస్కారం. పిల్లల్ని పగటిపూట చూసుకునే క్రెష్ మా అంగన్‌వాడీకి వచ్చింది.

ముందు మా టీచరమ్మకు. మామూలు అంగన్‌వాడీలో రోజూ కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండినవాళ్లనే. అంతకన్నా చిన్నవాళ్లకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్ ఇంటికిస్తారు. ప్యాకెట్ పిల్లను ఆడించదు కదా! ఏడాది బిడ్డతో నాలుగిళ్లలో పనిచేసుకునే తల్లికి చిక్కు సరిగ్గా అక్కడే. కేంద్ర ప్రభుత్వ ‘పాల్నా’ పథకంలో అంగన్‌వాడీకే క్రెష్ కలపొచ్చని, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూస్తారని, తల్లికి ఉద్యోగం ఉందా లేదా అన్న పట్టింపు లేదని విడమరిచి చెప్పింది ఆవిడే. విడిగా ఒక వర్కర్, ఒక హెల్పర్ ఉంటారు కాబట్టి ఉన్న ఆయమ్మ మీద బరువు పడదు.

అర్జీ రాసిపెట్టిన రిటైర్డ్ గుమస్తా బాబాయి గారికి. “పిల్లలు చాలామంది ఉన్నారు” అని రాస్తే కాగితం కదలదు. ఒక క్రెష్‌కు 25 మంది లెక్క. అందుకని ఆయన పిల్ల పేరు, పుట్టిన తేదీ, తల్లి ఆధార్ నంబరుతో పాటు తల్లి పనికి వెళ్లే వేళ, తిరిగొచ్చే వేళ కూడా గళ్లు గీసి రాయించారు. ఎన్నింటికి తెరవాలన్నది ఆ చివరి రెండు గళ్లు చూసే తేల్చారు.

నెట్ సెంటర్ తమ్ముడికి. వలస వచ్చిన పిల్లల పేర్లు సొంతూరి అంగన్‌వాడీలోనే ఉండిపోతాయి. అంగన్‌వాడీ పిల్లల వివరాలుండే పోషణ్ ట్రాకర్ యాప్‌లో మళ్లీ కొత్తగా ఎక్కించబోతే ఇబ్బంది, బదిలీ అడగాలి. ఓటీపీ ఎప్పుడో పారేసిన సిమ్‌కి పోతుంటే, ముందు ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించుకోమని ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పాడు. వాళ్లను డబ్బులు తీసుకోకుండా ఆధార్ కేంద్రానికి తిప్పిన ఆటో అన్నకూ దండాలు.

వడ్రంగి మామ గుమ్మానికి సగం తలుపు బిగించి, కమ్మీల మధ్య మూడు వేళ్ల సందే వదిలాడు, తల దూరకుండా. గుక్కపట్టే పిల్ల ఉయ్యాలలో తల్లి కట్టి విడిచిన చీర, ఉతక్కుండా, వేయమన్నది మా ఆయమ్మ. పనిచేసింది.

ఇంకా నాలుగు చోట్లు ఖాళీ. టీకా కార్డు, తల్లి ఆధార్, దానికి కలిపిన ఫోన్ పట్టుకుని రండి. ఫోన్‌లో చార్జింగ్ ఉందో లేదో చూసుకోండి.