మా ప్యాకెట్లో వచ్చే కార్డును చించేయండి

మా దగ్గర కాఫీ గింజలు కొంటున్న అందరికీ నమస్కారం.

రెండేళ్లుగా మేము పంపే ప్రతి ప్యాకెట్లోనూ అరచేయంత కార్డు ఒకటి ఉంటోంది. కాఫీ గ్రైండర్‌ను ఎలా శుభ్రం చేసుకోవాలో దానిమీద నాలుగు వాక్యాలు ఉంటాయి. మూడో వాక్యం ఇది: "నెలకోసారి గుప్పెడు బియ్యం వేసి తిప్పండి, లోపలి మురికంతా పోతుంది." రాసింది నేనే. ఎవరో చెప్పగా విన్నాను, సులువుగా ఉందనిపించింది, అచ్చు వేయించేశాను. ఒక్కసారైనా బియ్యం వేసి తిప్పి, ఆ తర్వాత మూత విప్పి చూసిన పాపాన పోలేదు.

పోయిన నెల ఒకావిడ తన గ్రైండర్‌ను సంచిలో పెట్టుకుని మా కొట్టుకు వచ్చారు. బియ్యం వేయగానే మోటారు మూలిగి ఆగిపోయిందట. "మీ కార్డు చూసే చేశానండీ" అన్నారు, కోపం లేకుండా. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. విప్పి చూస్తే గింజల్ని నలిపే రెండు పళ్ల చక్రాల మధ్య, అదే బర్‌ల మధ్య, బియ్యం బిగుసుకుపోయి ఉంది. చుట్టూ కాఫీ జిడ్డు పట్టిన తెల్లటి పిండి, గోడకు కొట్టిన సున్నంలా అంటుకుని ఉంది. గంటసేపు గీకితే వచ్చింది. మోటారు బతికింది. నా పరువు సంగతి వేరు.

జరిగింది ఇదీ. వేయించిన కాఫీ గింజ గుల్లబారి పెళుసుగా ఉంటుంది, కాస్త గట్టిగా నొక్కితే విరిగిపోతుంది. పచ్చి బియ్యపు గింజ అలా లొంగదు. ఇళ్లలో వాడే చాలా గ్రైండర్ల మోటార్లు కాఫీ గింజలను దృష్టిలో పెట్టుకుని చేసినవే. బియ్యం వేస్తే వారంటీ వర్తించదని కొందరు తయారీదారులు మాన్యువల్లోనే రాస్తారు. మాన్యువల్ చదవని వారిలో నేనూ ఒకడిని. పైగా మోటారు తట్టుకున్నా, బియ్యం నలగ్గా వచ్చిన పిండి మూలల్లో మిగిలిపోతుంది. అంటే ఒక మురికి తీయబోయి ఇంకో మురికి పెట్టుకున్నట్టే. బర్‌లు లేని, బ్లేడు తిరిగే చిన్న యంత్రాలకు ఈ బిగుసుకునే బాధ లేదు. వాటిలో బియ్యం వేసినా బిగుసుకునే చోటు ఉండదు.

ఇక రెండో విషయం. ఈ మధ్య మీలో కొందరు "గింజలు మారాయా? కాఫీలో ముక్కిపోయిన నూనె వాసన వస్తోంది" అని రాశారు. "గింజలు నిన్న వేయించినవే" అని అందరికీ ఒకే జవాబు పంపాను. అబద్ధం కాదు, కానీ అది జవాబూ కాదు. ఆవిడ గ్రైండర్ చూశాక అనుమానం వచ్చి, మేము రోజూ రుచి చూడటానికి వాడే మా గ్రైండర్‌నే విప్పాను. నెలల తరబడి విప్పలేదు. పొడి బయటికి జారే గొట్టంలో ముదురు గోధుమ రంగు అట్ట కట్టి ఉంది. వాసన చూస్తే మీరు రాసినదే. ఇన్నాళ్లూ మా కొత్త గింజల రుచిని ఆ అట్ట మీదుగా జారిన పొడితో తేల్చి, "బాగుంది" అని సంచులకు సీలు వేశాను.

అరబికా గింజలో సుమారు 15 శాతం కొవ్వు ఉంటుంది. రోబస్టాలో అంతకంటే తక్కువ, సుమారు 10 శాతం. గింజ గింజగా ఉన్నంతకాలం ఆ నూనె లోపలే చాలావరకు క్షేమంగా ఉంటుంది. పొడి చేయగానే గాలికి తగిలే భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది, నూనె త్వరగా పాడవుతుంది. లోపల నిలిచిపోయిన ఆ పాత పొడి మీదుగానే మీ రేపటి కాఫీ జారాలి. నల్లగా వేయించిన గింజల మీద మెరిసేది కూడా నూనే కాబట్టి, అవి వాడేవారి యంత్రం ఇంకా ముందు జిడ్డు పడుతుంది.

అయితే తప్పంతా గ్రైండర్ల మీదకు నెట్టను. పోయిన నెల మొదటి వారంలో వేయించిన ఒక విడత మాడింది. అది పూర్తిగా మా పొరపాటే. ఆ ప్యాకెట్ ఇంకా మీ దగ్గర ఉంటే సగం వాడేసినా సరే తెచ్చివ్వండి, మార్చి ఇస్తాను.

మూడోది చెప్పడానికి ఇంకాస్త సిగ్గుగా ఉంది. పొడి సమంగా రావడం లేదని వచ్చిన ఇద్దరికి "బర్‌లు అరిగాయి" అని చెప్పి కొత్తవి అమ్మాను. రోజుకు 40 గ్రాముల లెక్కన వాడినా ఏడాదికి 14.6 కిలోలే. మంచి ఉక్కు బర్‌లు వందల కిలోలు తట్టుకుంటాయి. వాళ్లు వదిలి వెళ్లిన పాత బర్‌లను ఇప్పుడు బ్రష్షుతో రుద్ది చూస్తే, పళ్ల అంచులు వేలికి గీరుకునేంత పదునుగా ఉన్నాయి. పొడి కూరుకుపోయింది, అంతే. ఆ ఇద్దరికీ ఫోను చేశాను, డబ్బు వెనక్కి ఇస్తున్నాను.

సరే, మరి ఏం చేయాలి? ప్లగ్గు తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. గింజలు పోసే పై గిన్నెను ఖాళీ చేసి తీయండి. పైనున్న బర్‌ను విప్పే ముందు అది ఏ అంకె దగ్గర ఉందో ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. తర్వాత గట్టి వెంట్రుకల పొడి బ్రష్షుతో పళ్ల సందులు, గొట్టం, అన్నిటికంటే ముఖ్యంగా బర్‌ను తిప్పి బిగించే మర చుట్లు (స్క్రూ గాట్లు) దులపండి. బ్రష్షుకు రాని అట్టను చెక్క పుల్లతో గీకండి, ఇనుప మొన వద్దు. రాలిన పొడిని వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయవచ్చు. నోటితో ఊదితే అది మోటారు వైపు పోతుంది, కొంత మీ కళ్లలోకి కూడా.

బిగించేటప్పుడే చాలామంది పాడు చేసుకుంటారు. మరలో చిటికెడు పొడి ఉన్నా చుట్టు వంకరగా ఎక్కుతుంది, బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. ముందు నెమ్మదిగా వెనక్కి తిప్పండి. మర కూర్చున్నట్టు చిన్న 'టక్' తెలుస్తుంది. అప్పుడు ముందుకు తిప్పండి. వేలితోనే తేలిగ్గా తిరగాలి.

ఉక్కు బర్‌లకు నీళ్లు తగలనివ్వకండి, తుప్పు పడతాయి. పై గిన్నెను మాత్రం సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. వంటనూనె రాస్తే మెత్తగా తిరుగుతుందని ఒకరు అడిగారు. దయచేసి వద్దు. మనం తీస్తున్నదే పాత నూనె.

పొడి ఎగిరి గ్రైండర్ గోడలకు అంటుకోవడం స్థిర విద్యుత్తు వల్ల. తిప్పే ముందు గింజలకు ఒకటి రెండు చుక్కల నీరు తగిలిస్తే బాగా తగ్గుతుంది, లోపల మిగిలే పొడి కూడా తగ్గుతుంది. ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో దీనిమీద పరిశోధన ప్రచురించారు. చుక్క అంటే చుక్కే, చెంచాడు కాదు.

విప్పే ఓపిక లేని వారాల్లో గ్రైండర్ల కోసమే చేసిన శుభ్రపరిచే బిళ్లలు వాడవచ్చు. అవి మెత్తగా నలిగి జిడ్డును పీల్చుకుంటాయి. తర్వాత కొన్ని గింజలు తిప్పి ఆ పొడి పారేయాలి. వీటిని మేము అమ్మడం లేదు, కాబట్టి ఈ ఒక్క సలహానైనా నమ్మండి. కానీ విప్పి దులపడానికి ఇవి సాటిరావు. ఎన్నాళ్లకోసారి అంటే, నల్లటి గింజలైతే వారానికి, లేతగా వేయించినవైతే నెలకు. మీ ముక్కు అంతకంటే ముందే చెబితే దాని మాటే వినండి.

కొత్త కార్డులు అచ్చుకు ఇచ్చాను. పాత కార్డు పెట్టి సీలు వేసిన సంచులు మాత్రం ఇంకా కొన్ని ఉన్నాయి. విప్పితే గింజలకు గాలి తగులుతుందని అలాగే పంపుతున్నాను. కనుక వచ్చే రెండు వారాలు మీకు ఆ బియ్యం కార్డే రావచ్చు. సంచి మీద ఎర్ర సిరాతో "మూడో వాక్యం తప్పు" అని నా చేత్తోనే రాశాను. రాత బాగోలేదని ఇప్పటికే ఒకరు చెప్పారు.