దుమ్ము లెక్క ఊళ్లో వాళ్లకూ చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ మహాసముద్రం దాటి పోతుందని మీ పత్రికలో వచ్చిన వార్తను మా ఇంట్లో అందరం చదివాం. ఇంటర్ చదివే మా అబ్బాయి మొదట నమ్మలేదు. ఎండకు కాగిన నేల మీద గాలి సుడి తిరిగితే బరువైన ఇసుక దగ్గర్లోనే పడిపోతుంది. పిండిలాంటి సన్న మన్ను మాత్రం కిలోమీటర్ల ఎత్తుకు లేచి, వ్యాపార పవనాల వెంట పడమటికి పోతుంది. 2020 జూన్‌లో అలా లేచిన పెద్ద దుమ్ము మేఘం కరీబియన్ దీవులు దాటి అమెరికా దక్షిణ రాష్ట్రాల దాకా వెళ్లింది.

ఆ దుమ్ముతో మేలు కూడా ఉంది. చాద్ దేశంలో ఒకప్పటి పెద్ద చెరువు ఎండిపోయిన చోట బోడెలే అనే పల్లం ఉంది. అక్కడి మన్నులో భాస్వరం ఎక్కువ. మన రైతులు డీఏపీ బస్తాల్లో కొనుక్కునేది ఆ భాస్వరమే. ఏటా సుమారు 2.77 కోట్ల టన్నుల ఆఫ్రికా దుమ్ము అమెజాన్ అడవుల మీద పడుతుందని, దాంతో 22 వేల టన్నుల భాస్వరం అందుతుందని నాసా శాస్త్రవేత్తలు 2015లో ఉపగ్రహం సాయంతో లెక్క తేల్చారు. ఆ అడవుల్లో వానలకు కొట్టుకుపోయే భాస్వరం కూడా దాదాపు అంతేనట. ఇది చదివి నాకు చాలా సంతోషం వేసింది.

2020లో ఆ మేఘం ఇంకా సముద్రం మీద ఉండగానే కరీబియన్ దీవుల వాళ్లకు హెచ్చరికలు వెళ్లాయి. ఆస్తమా ఉన్నవాళ్లను బయటికి రావద్దన్నారు. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే.

నల్లగొండలో రోడ్డు పక్కన నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పొద్దున తుడిచిన అద్దం మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఈ దుమ్ము ఏ ఎడారి నుంచీ రాలేదు. పట్టా కప్పకుండా కంకర, డస్ట్ తీసుకుపోయే టిప్పర్ల నుంచి, పైపుల కోసం తవ్వి సరిగా పూడ్చని రోడ్ల నుంచి వస్తోంది. తెల్లవారుజామున ఊడ్చే అక్కలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పొడి మట్టి మీదే చీపురు వేస్తారు. వాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మా అత్తమ్మకు ఆయాసం. సాయంత్రం ఐదు దాటితే ఆమెను వాకిట్లో కూర్చోబెట్టాలంటేనే నాకు టెన్షన్.

గాలి నాణ్యత ప్రమాణాలకు అందని పట్టణాల కోసం కేంద్రం 2019లో స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ జాబితాలో మన నల్లగొండ ఉంది. పీఎం 10 అనే సన్న ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదు. నిన్న మా వీధిలో ఎంత ఉందో మాత్రం నాకు తెలియదు. ఆ అంకెను రోజూ తెలుగులో, పెద్ద అక్షరాలతో, క్లాక్ టవర్ దగ్గర, బస్టాండులో, సర్కారు దవాఖాన ముందు బోర్డు మీద పెట్టాలి. ఎక్కువగా ఉన్న రోజున బడి పిల్లలను మైదానంలోకి పంపకుండా చూసుకోవచ్చు, ఆయాసం ఉన్నవాళ్లు ఇంటిపట్టున ఉంటారు.

దాంతోపాటు పట్టా కప్పని టిప్పరును ఊళ్లోకి రానివ్వకండి. ఊడ్చే ముందు నీళ్లు చల్లించండి, ఊడ్చేవాళ్లకు మంచి మాస్కులు ఇవ్వండి. ఎండలు ముదరకముందే ఈ పనులు మొదలుపెట్టాలని మున్సిపాలిటీ వారిని, కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, నల్లగొండ