‘ప్రీపోన్’ రాసిన పిల్లలకు సున్నాలు చుట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

అనుకున్న తేదీ కంటే ముందే పెట్టుకోవడం అనే అర్థంలో వాడే ‘ప్రీపోన్’ అనే మాటను స్కూళ్లలోనూ, స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లలోనూ తప్పని కొట్టేయడం ఈ మధ్య తరచుగా నా కంటపడుతోంది. హైస్కూల్లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిగా నాకిది బాధగా ఉంది.

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి తన లీవ్ లెటర్ తెచ్చి చూపించింది. వాళ్ల అక్క పెళ్లి ముందు వేరే నెలలో అనుకున్నారు. ఈలోగా మూఢం వస్తోందని పంతులుగారు చెప్పేసరికి, దానికంటే ముందే ముహూర్తం పెట్టించారు. అదే విషయం ‘మై సిస్టర్స్ మ్యారేజ్ హేజ్ బీన్ ప్రీపోన్డ్’ అని రాసింది. ఆ చివరి మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా, పక్కన మార్జిన్లో ‘నో సచ్ వర్డ్’. పైగా క్లాసులో గట్టిగా చదివి వినిపించారట, అందరూ నవ్వారట. చెబుతుంటేనే ఆ పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. చెప్పాల్సింది ఒక్క ముక్కలో చెప్పింది. ఇంతకంటే ఏం కావాలి?

అలాంటి మాటే లేదనడం నిజం కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో అది భారతీయ ఇంగ్లిష్ మాటగా ఉంది. మెరియమ్ వెబ్‌స్టర్ కూడా చేర్చుకుంది. మనవాళ్లకు ఇంగ్లిష్ రాక పుట్టించిన మాట అనే ప్రచారమూ సరికాదు. ‘ముందు ఉంచడం’ అనే అర్థంలో 1549 నాటి ఇంగ్లండ్ రచనలోనే అది కనిపిస్తుంది. ఇప్పటి అర్థంలో, అంటే ‘పోస్ట్‌పోన్’కు జోడీగా, 1913లో న్యూయార్క్ టైమ్స్‌కు ఒక పాఠకుడు లేఖ రాసి మరీ ప్రతిపాదించాడు. ఈ హడావుడి కాలంలో ముఖ్యంగా లాయర్లకు ఇలాంటి మాట అవసరమన్నాడు. అమెరికాలో అది నిలబడలేదు. మన దేశంలో మాత్రం నిలబడింది. మన కోర్టు ఉత్తర్వుల్లోనే విచారణ తేదీని ప్రీపోన్ చేయాలన్న దరఖాస్తుల ప్రస్తావన ఉంటుంది. జడ్జీలు ఉత్తర్వుల్లో వాడే మాటను తొమ్మిదో తరగతి పిల్ల లీవ్ లెటర్‌లో వాడితే నేరమా?

మన దగ్గర అది ఎందుకు నిలిచిందో కూడా ఆలోచించాలి. మూఢానికి ముందే పెళ్లి, నోటిఫికేషన్ మారి పరీక్ష, డాక్టరు ఊరెళ్తున్నారని ఆపరేషన్, ఇలా అనుకున్న తేదీ కంటే ముందుకు వచ్చే పనులు మన ఇళ్లలో ఎన్నో. అక్షరం ముక్క రాని పెద్దవాళ్లు కూడా ‘ఫ్లైట్ ప్రీపోన్ అయిందంట’ అంటారు, వింటున్నవాళ్లకు అర్థమవుతుంది. తెలుగులో ‘వాయిదా’ ఉంది కానీ, దానికి ఎదురుగా నిలిచే క్రియ అంత చులాగ్గా దొరకదు. 2018 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ రద్దయి, 2019లో జరగాల్సిన ఎన్నికలు డిసెంబర్ 7నే జరిగినప్పుడు పత్రికలు ‘ముందస్తు’ అని చక్కగా రాశాయి. ఎన్నికలకైతే సరే. పంటి డాక్టరు అపాయింట్‌మెంట్‌కు ‘ముందస్తు’ అని ఎవరంటారు?

‘ప్రీపోన్ ఎందుకు, మూవ్ ఫార్వర్డ్ అనొచ్చుగా’ అంటారు కొందరు టీచర్లు. దాంతో పెద్ద చిక్కుంది. ‘బుధవారం మీటింగ్ రెండు రోజులు మూవ్ ఫార్వర్డ్ అయింది, ఇప్పుడు అది ఏ రోజు?’ అని అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు అడిగి చూశారు. ఇంచుమించు సగం మంది సోమవారం అన్నారు, మిగతా సగం శుక్రవారం అన్నారు. వాళ్లూ ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లే. ‘ప్రీపోన్’ అని ఉంటే ఆ గొడవే రాదు.

తెలుగులోనూ ఇదే తంటా, ఇక్కడ మీ పత్రిక సాయం కావాలి. ‘పరీక్ష ముందుకు జరిగింది’ అని శీర్షిక పెడితే ఒక ఇంట్లో తేదీ దగ్గరికొచ్చిందని టెన్షన్ పడతారు, ఇంకో ఇంట్లో ఇంకా టైముందని పుస్తకం మూసేస్తారు. ‘వెనక్కి జరిగింది’ అన్నా అంతే. హాల్ టికెట్ చేతిలో పట్టుకుని, గేటు మూసేశాక సెంటర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పిల్లల్ని ఇన్విజిలేషన్ రోజుల్లో చూశాను కాబట్టి ఇది చిన్న విషయం అనుకోను. పాత తేదీ, కొత్త తేదీ రెండూ శీర్షికలోనో, మొదటి వాక్యంలోనో వేయండి. నోటీసులిచ్చే అధికారులూ ఇదే పద్ధతి పాటించాలి. ‘జరిపారు’ అని వదిలేసి, తేదీ కోసం నాలుగో పేరా దాకా వెతికించకండి.

టీచర్లకు ఒక మాట. విదేశాలకు ఉత్తరం రాసేటప్పుడు, అక్కడి ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు ‘ప్రీపోన్’ కొందరికి తెలియకపోవచ్చు. అక్కడ ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనో, అమెరికా అయితే ‘మూవ్ అప్’ అనో రాయమని పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఎవరికి రాస్తున్నామో చూసుకుని మాట ఎంచుకోవడం నేర్పాల్సిన విద్యే. కానీ అవతలివాడికి తెలియని మాట వేరు, తప్పు మాట వేరు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడులన్నిటిలోనూ దశలవారీగా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఇంట్లో ఇంగ్లిష్ వినపడని పిల్లలు మొదటిసారి సొంతంగా ఆ భాషలో వాక్యం కడుతున్నారు. రాయబోయిన ప్రతి మాట దగ్గరా ‘నవ్వుతారేమో’ అని ఆగిపోతే వాళ్లకు భాష ఎప్పటికి వస్తుంది?

టీచర్ల శిక్షణ తరగతుల్లో భారతీయ ఇంగ్లిష్ గురించి కనీసం ఒక పాఠం ఉండాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అప్పటిదాకా, పేపర్లు దిద్దే ముందు ఒక్కసారి డిక్షనరీ తెరిచి చూడమని తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
హనుమకొండ