ఏట్లో పట్టుపురుగులు

యూజీన్, ఒరెగాన్
అక్టోబర్ మొదటివారం

అమ్మా,

నేను బాగున్నాను. అవ్వకు, నాయనకు నమస్కారాలు చెప్పు. పని ఎప్పటిలాగే ఉంది, రాసేంత విశేషమేమీ లేదు. మన పట్టుపురుగు గూడు అల్లడానికి చంద్రిక తట్టలెక్కిందా?

శనివారం మెకెంజీ ఏటి దాకా పోయొచ్చినాను. కంగారు పడొద్దు, తోడు ఉన్నారు, నీళ్లలోకి దిగలేదు. 2020లో అడవి కాలినప్పుడు నువ్వు రోజూ ఫోన్లో ఏడ్చినావే, ఆ లోయే. మాడిన మాన్లు ఇంకా నిలబడి ఉన్నాయి, కింద మాత్రం పచ్చగా లేచింది.

అక్కడొక పురుగును చూసినాక నీకు చెప్పకుండా ఉండలేకపోయినాను. అక్టోబర్ క్యాడిస్ అంటారు. మన పట్టుపురుగుకు నిజంగానే చుట్టం. దీని నోట్లోంచీ పట్టే వస్తుంది, కాకపోతే నీళ్లలో కూడా అంటుకునే పట్టు. లేతగా ఉన్నప్పుడు ఆకుముక్కలు, ముదిరినాక సన్న గులకరాళ్లు ఆ పట్టుతో అతికించి గూడు కట్టుకుంటుంది, దాన్ని మోసుకునే తిరుగుతుంది. మన పురుగు మాదిరే నాలుగు జ్వరాలు పడి, నాలుగుసార్లు పొర విడిచి లేస్తుంది. ఎండాకాలంలో గూటిని రాతికి అంటించి, రెండు పక్కలా మూసుకుని పడుకుంటుంది. చలి మొదలయ్యేటప్పుడు బయటికొస్తుంది.

పొద్దుగూకేటప్పుడు ఒకటి గట్టు రాయి మీదికి పాకింది. వీపు చీలింది. తల వచ్చింది, పొడుగాటి మీసాలు వచ్చినాయి, ముడతలు పడిన తడి రెక్కలు వచ్చినాయి. కాసేపటికి రెక్కలు సాగి, పూరింటి కప్పులా వాలుగా వీపు మీద సర్దుకున్నాయి. ఒళ్లంతా నారింజ రంగు. ఎగిరిపోయింది! మన గూళ్లలోంచి వచ్చేవి రెక్కలుండీ ఎగరలేవు కదా, నేను అట్లే చూస్తూ నిలబడినాను. ఏటి మీద గుడ్లు పెట్టడానికి దిగేవాటిని చేపలు ఎగిరి ఎగిరి అందుకుంటున్నాయి.

చిన్నప్పుడు గూళ్లు ఉడకబెడతారని తెలిసి ఏడిస్తే, "అదే మన అన్నం" అన్నావు. ఆ అన్నంతోనే ఇంత దూరం వచ్చినాను. నిన్ను తప్పు పట్టడం లేదమ్మా.

దగ్గు సంగతి చెల్లి చెప్పింది, నువ్వెందుకు చెప్పలేదు? షెడ్డులో పొడి చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. వచ్చే పంటకు చాకీ పురుగుపిల్లల్ని తేవద్దు. పూర్తిగా మానుకోమనడం లేదు, ఒక్క పంట వదిలెయ్, చాలు. హిందూపురంలో డాక్టరుకు చూపించుకుని, ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు.

సంబంధం మాట దీపావళికి ఫోన్లో మాట్లాడదాం. ఇప్పుడు అడగొద్దు, కోపం లేదు.

నాయన బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించు. చెల్లి ఫీజు కట్టే తేదీ కనుక్కుని చెప్పు, డబ్బు వేస్తాను.

నీ పెద్ద బిడ్డ